చేయూత లేనిదే లేవని కారు

ఇంటిలోని వస్తువులలో ఏది ఎట్లు పనిచేయుచున్నదో, ఏది ఎందువలన చెడుచున్నదో తెలిసికొనుట గృహిణికి భారము కాదు, బలము. పాలు విరిగినచో గిన్నె దోషమో ఎండ దోషమో, పప్పు ఉడకనిచో నీటి గుణమో పప్పు ముదురో, పసిబిడ్డ యేడ్చినచో ఆకలియో కడుపునొప్పియో మనము క్షణములో పోల్చుకొందుము. ఆ నేర్పు మనకు గ్రంథములు చదువుటచే వచ్చినది కాదు. చూచి, విని, తాకి, కాని కారణముల నొక్కొక్కటిగా త్రోసివేయుటచే వచ్చినది. అట్టి మనమే, వాకిట నిలిచిన మోటారుకారు ప్రొద్దుననే లేవనని మొండికేసినప్పుడు మాత్రము "ఇది మగవారి పని" యని తలుపు చాటున నిలుచుండుట తగునా?

మా రామతీర్థము విజయనగరమునకు సుమారు 12 కిలోమీటరుల దూరమున నెల్లిమర్ల మండలములో నున్నది. బోడికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండల నీడలో శ్రీరామచంద్రుడు వెలసిన క్షేత్రమగుటచే శ్రీరామనవమికిని మహాశివరాత్రికిని జనము విరగబడి వత్తురు. ఒకప్పుడు ఎడ్లబండ్లు విడిసిన తావులలో నేడు కార్లు బారులు తీరుచున్నవి. దర్శనమైనది, ప్రసాదము మూటకట్టుకొన్నారు, పిల్లలు బండిలో నెక్కినారు. తీరా తాళము త్రిప్పగా "టక్ టక్" మను చప్పుడే కాని కారు లేవదు. ప్రక్కబండివారు దయగలవారైనచో రెండు లావుపాటి తీగెలు తెచ్చి, తమ బ్యాటరీ నుండి దీని బ్యాటరీకి శక్తి నరువిత్తురు. కారు వెంటనే లేచును. అందరును సంతసింతురు. దీనినే మెకానిక్కులు "జంపు ఇచ్చుట" యందురు. మరునాటి యుదయమున ఇంటివద్ద మరల నదే కథ. ఇట్లు దినదినము చేయూత లేనిదే లేవని కారును గూర్చియే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

జంపు ఇచ్చుట చికిత్స కాదు. అది మూర్ఛిల్లినవాని ముఖమున నీళ్లు చల్లుట వంటిది. మనిషి కన్నులు తెరచును. మూర్ఛ ఎందులకు వచ్చినదో తెలియదు. వైద్యులు చికిత్సకు ముందు నిదానము చెప్పుదురు. నిదానము తెలియని చికిత్స ధనమునకును కాలమునకును చేటు.

మేమెరిగిన యొక యింట కోడలికి నెలలు నిండిన దినములలో కారు మాటిమాటికి మొరాయింపసాగెను. ఇంటి యజమాని క్రొత్త బ్యాటరీ వేయించెను. కొన్నిదినములు బాగుండి మరల అదే తీరు. "ఈ బ్యాటరీయు చెడ్డదే" యని ఆయన రెండవది తెచ్చెను. అదియు నట్లే చేసెను. ఒకరాత్రి ఆ యింటి పెద్దావిడ పెరటి తలుపు వేయబోవుచు, చీకటిలోనున్న కారు వెనుక డిక్కీ సందున సన్నని వెలుతురు గీతను గమనించెను. మూత పడగానే ఆరవలసిన చిన్నదీపము, దాని మీట విరిగియుండుటచే, తెల్లవార్లు వెలుగుచుండెను! మీట మార్చుటకైన ఖర్చు మిక్కిలి స్వల్పము. బ్యాటరీలకైన ఖర్చు వేలకొలది రూపాయలు. కోడలికి నొప్పులు వచ్చిన రాత్రి ఆ కారు మొదటి త్రిప్పునకే లేచినది. ఆ మేలు రెండు క్రొత్త బ్యాటరీలవలన కలుగలేదు. ఆ ముసలియమ్మ చూపువలన కలిగినది.

(ఇక్కడ నొక మాట. ఏ యింటనైనను అట్టి గడియలో కారు లేవనిచో దానితో పెనగులాడుచు కాలము పుచ్చరాదు. 108 సంఖ్యకు ఫోను చేసిన అంబులెన్సు వచ్చును. 2005 నుండి మన తెలుగునాట ఈ సేవ ఉచితముగా లభించుచున్నది. కారు సంగతి మరునాడు చూచుకొనవచ్చును.)

హ్యాండిలు నాటి కష్టము

మోటారుకార్లు వచ్చిన తొలినాళ్లలో వానిని లేపుటకు ముందుభాగమున ఇనుప హ్యాండిలు దూర్చి బలముగా త్రిప్పవలసియుండెను. ఇంజను ఎదురుతిరిగి తన్నినచో మణికట్టు విరిగెడిది. ఇందువలననే స్త్రీలు కారు నడుపుట కష్టమని లోక మెంచెను. 1911లో అమెరికా దేశమున చార్లెస్ కెట్టరింగు అను ఆయన విద్యుత్తుచే ఇంజనును త్రిప్పు యంత్రమును సిద్ధపరచెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో దానిని అమర్చిరి. దానినే మనవారు "సెల్ఫ్" అనుచున్నారు. అది వచ్చిన పిమ్మట కండబలము లేనివారికిని కారు వశమైనది.

కాని ఆ సౌకర్యము లేని కాలముననే ఒక గృహిణి చూపిన తెలివి మనకు స్మరణీయము. 1888 ఆగష్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నావిడ, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిని భర్తకు చెప్పకయే తీసికొని, ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్ లోని పుట్టినింటికి పోయెను. దూరము నూరు కిలోమీటరులకు పైమాట. దారిలో ఇంధనము పోవు నాళము పూడుకొనగా తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో పొడిచి శుభ్రపరచెను. ఇంధనము తరుగగా వీస్లోఖ్ అను ఊరిలో మందుల అంగడి నుండి కొనెను. బండి ఆగినచోట ఆవిడ చేసినది ఒక్కటే: ఏది పనిచేయుచున్నది, ఏది పనిచేయుట లేదు అని విడదీసి చూచుట. మనము చేయవలసినదియు నదే.

కుండ, బావి, చిల్లు

కారు బ్యాటరీలో 6 గదులుండును. ఒక్కొక్క గదిలో సీసపు పలకలును, నీటితో పలుచన చేసిన గంధకామ్లమును ఉండును. గది యొక్కటికి 2.1 వోల్టుల చొప్పున ఆరింటికిని కలిపి 12.6 వోల్టులు. ఇట్టి సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. మన తిరుపతి చెంత కరకంబాడిలో నేడు ఇవి లక్షలకొలది తయారగుచున్నవి. అచటి అమర రాజా సంస్థను 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిరి.

బ్యాటరీని వంటింటి నీళ్లకుండగా తలపుడు. కుండ తనంతట నీరు పుట్టింపదు. పోసిన నీటిని దాచి ఇచ్చును. ప్రొద్దున సెల్ఫు మోటారు ఈ కుండనుండి ఒక్కసారిగా 150 మొదలు 200 ఆంపియర్ల వరకు తోడుకొనును. ఇంత ధార యైనను మూడు సెకనుల పాటే కనుక, 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో తరుగునది వందింట అరవంతైనను కాదు. ఇంజను లేచిన పిమ్మట బెల్టుతో తిరుగు ఆల్టర్నేటరు ఆ తరుగును పూరించును. దీనిని మనవారు నేటికిని డైనమో యనియే పిలుచుచున్నారు. డైనమో బావి, బ్యాటరీ కుండ, లావుపాటి తీగెలు చేద త్రాడు.

తెల్లవారునప్పటికి కుండ ఖాళీగా నున్నచో కారణములు నాలుగే. ఒకటి, కుండయే పాతబడి పగిలినది, అనగా బ్యాటరీకి వయసు మీరినది. రెండు, త్రాడు తెగినది, అనగా టెర్మినళ్లు వదులైనవి లేదా తుప్పుపట్టినవి. మూడు, బావి నుండి నీరు వచ్చుట లేదు, అనగా డైనమో నింపుట లేదు. నాలుగు, రాత్రివేళ ఎవ్వరో నీరు తోడుకొనుచున్నారు, అనగా కారు నిలిచియుండగా ఏదో వస్తువు విద్యుత్తును త్రాగుచున్నది. ఈ నాల్గింటిలో ఏది యని తేల్చుటయే నిదానము.

జంపు చెప్పు సాక్ష్యము

మొదట నొక సంగతి మనస్సున నుంచుకొనవలెను. జంపు ఇచ్చినంతనే కారు చురుకుగా లేచినచో, సెల్ఫు మోటారు మంచిదే, పెట్రోలు అందుచున్నది, ఇంజను బాగుగనే యున్నది. దోషము పై నాల్గింటిలోనే యున్నది. మంచి బండినుండి సరిగా జంపు ఇచ్చినను లేవనిచో వెదకవలసిన చోటు వేరు. ఇది సులభమైన తర్కమే. కాని దీనిని మరచి సెల్ఫు మోటారు విప్పించుకొన్నవారు కలరు.

పిమ్మట చప్పుడు వినవలెను. తాళము త్రిప్పగా వెంటవెంట "టక టక టక" మనినచో బ్యాటరీలో శక్తి చాలదు. ముక్కుచు మూలుగుచు మెల్లగా తిరిగినను అంతే. ఒక్కసారి "టక్" మని ఊరకున్నచో సెల్ఫు మోటారునో తీగెల కలయికనో అనుమానింపవలెను. ఇంజను గిరగిర తిరుగుచు అంటుకొననిచో బ్యాటరీ నిర్దోషి. ఇంధనమునో, మెరుపు నిచ్చు ప్లగ్గులనో, తాళపుచెవి గుర్తింపునో చూడవలెను. చప్పుడును లేక, దీపములును వెలుగనిచో టెర్మినలు ఊడియుండును, లేదా బ్యాటరీ పూర్తిగా ఎండియుండును.

చీకటివేళ హెడ్‌లైట్లు వేసి, గోడమీద వెలుగు చూచుచు ఒకరు తాళము త్రిప్పవలెను. వెలుగు ఆరిపోవునంతగా క్రుంగినచో బ్యాటరీయో కలయికయో దోషి. వెలుగు చెక్కుచెదరక, సెల్ఫు మాత్రము పలుకనిచో దోషము తాళము నుండి సెల్ఫు వరకు గల మార్గములో నున్నది.

చూచుట, తుడుచుట

ఇక బానెట్టు ఎత్తి చూడవలెను. దానికి ముందు కొన్ని జాగ్రత్తలు. ఇంజను ఆపి తాళము తీయవలెను. చీరకొంగు నడుమున దోపవలెను, జడ ముడివేయవలెను, ఫ్యాను తనంతట తిరుగవచ్చును. గాజులు, ఉంగరములు తీసియుంచవలెను. మెడలోని గొలుసు వ్రేలాడకుండ జాకెట్టు లోనికి త్రోయవలెను. బంగారము విద్యుత్తునకు మంచి దారి. బ్యాటరీ రెండు కొనలకును నడుమ ఒక గాజు తగిలినచో క్షణములో నెఱ్ఱగా కాలి చేతిని దహించును.

టెర్మినళ్లమీద తెల్లని లేక పచ్చని పొడి పేరుకొన్నచో అదియే సగము జబ్బు కావచ్చును. బిగువుగా నున్నదో లేదో చేతితో కదపి చూడవలెను. శుభ్రము చేయదలచినచో ముందు మైనస్ తీగె విప్పి, తరువాత ప్లస్ తీగె విప్పవలెను. వేడినీటిలో వంటసోడా కలిపి పాత పండ్లపొడి బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆరనిచ్చి, ముందు ప్లస్, చివర మైనస్ బిగింపవలెను. పైన కొంచెము వాసెలీను పూసినచో పొడి త్వరగా పట్టదు. సోడానీరు బ్యాటరీ మూతల లోనికి పోరాదు. మైనస్ తీగె రెండవకొన బండి యినుమునకు బిగింపబడి యుండును. దానిని "ఎర్తు" అందురు. అచట తుప్పుపట్టినను బండి లేవదు. కాని దానిని చూచువారు తక్కువ.

మూతలున్న బ్యాటరీ యైనచో లోపలి నీటిమట్టము చూడవలెను. తగ్గినచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. నూతినీరు, కుళాయినీరు, ఆమ్లము పోయరాదు. పెట్టె ఉబ్బినను, పగిలినను, కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చినను దానికి జంపు ఇయ్యకూడదు. ముట్టక మెకానిక్కును పిలువవలెను.

మీటరు మాట

కొలది వందల రూపాయలకు దొరకు మల్టీమీటరు ఇంట నున్నచో ఊహలతో పనిలేదు. జ్వరము చూచు థర్మామీటరు వలెనే ఇదియు. రాత్రియంతయు నిలిచిన కారునకు ఉదయమున, తాళము పెట్టకమునుపే, ఎఱ్ఱతీగెను ప్లస్‌కును నల్లతీగెను మైనస్‌కును ఆనింపవలెను. 12.6 లేదా పైన చూపినచో కుండ నిండుగ నున్నది. 12.4 చూపినచో ముప్పాతిక. 12.2 చూపినచో సగము. 12 చూపినచో పాతికవంతే మిగిలినది.

తరువాత ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు మీటరు చూడవలెను. అంకె తగ్గును, కాని సుమారు 9.6కు దిగువకు పడిపోరాదు. ముందు 12.6 చూపిన బ్యాటరీ సెల్ఫు కొట్టగానే 8కో 7కో పడినచో, పైకి నిండుగ కనబడు ఆ కుండ లోపల గులకరాళ్లతో నిండియున్నదని యర్థము. దాని యాయువు తీరినది.

పిమ్మట ఇంజను ఆడుచుండగా చూడవలెను. సామాన్యముగా 13.8 మొదలు 14.5 వరకు చూపవలెను. ఇంజను ఆడుచున్నను 12 దగ్గరనే నిలిచినచో డైనమో నింపుట లేదు. బెల్టు సడలియుండవచ్చును, తీగె ఊడియుండవచ్చును, డైనమోయే చెడియుండవచ్చును. 15 దాటినచో అది అతిగా నింపి బ్యాటరీని మరిగించుచున్నది. కొన్ని క్రొత్త కార్లలో కంప్యూటరు ఈ నింపుటను హెచ్చుతగ్గులు చేయుచుండును గనుక, ఒక్కసారి చూచి తీర్పు చెప్పక కొంతసేపు గమనింపవలెను.

డైనమో పరీక్ష యని చెప్పి, ఇంజను ఆడుచుండగా బ్యాటరీ తీగె ఊడబెరుకు అలవాటు కొందరికి కలదు. పాత బండ్లకు ఎట్లున్నను, కంప్యూటర్లు గల నేటి కార్లలో ఇది ప్రమాదము. అదుపులేని విద్యుత్తు ఎగసి, వేలరూపాయల పరికరములు ఒక్కసారిగా కాలిపోవచ్చును. మన యెదుట ఎవరైనను అట్లు చేయబోయినచో నిర్మొహమాటముగ వారింపవలెను.

రాత్రి దొంగ

బ్యాటరీ మంచిదే, డైనమో మంచిదే, ఉదయమునకు మాత్రము శక్తి యుండదు. అప్పుడు రాత్రి దొంగను వెదకవలెను. కారు నిలిచియున్నప్పుడు గడియారము, తాళపు యంత్రము మొదలగునవి కొంచెము విద్యుత్తు త్రాగుచుండుట సహజము. అది 50 మిల్లీ ఆంపియర్లకు లోబడియుండవలెను. ఆ లెక్కన దినమునకు 1.2 ఆంపియర్-గంటలు. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ సగమగుటకు రమారమి 18 దినములు పట్టును. కావున నెలదినములు ఊరికి పోయివచ్చినవారి కారు లేవనిచో అది రోగము కాదు, ఉపవాసము. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చి కార్లు వాకిళ్లలో వారములతరబడి నిలిచినప్పుడు ఎందరో ఈ యనుభవము పొందిరి.

మరి 5 వాట్ల డిక్కీ దీపము? అది గంటకు 0.4 ఆంపియర్-గంటల చొప్పున దినమునకు 10 ఆంపియర్-గంటలు త్రాగును. రెండు దినములలో సగము కుండ ఖాళీ. పైన చెప్పిన యింట జరిగినది ఇదియే. డిక్కీ దీపము, పెట్టె దీపము, వదలివేసిన ఫోను ఛార్జరు, బయట దుకాణములో అమర్చిన పాటల యంత్రము, దారి చిత్రించు కెమెరా, ఇవి తరచుగ పట్టుబడు దొంగలు. పల్లెలలో ఎలుకలు తీగెలు కొరుకుటయు కలదు.

మీటరు లేనివారికి ఒక సులభపరీక్ష. బ్యాటరీని ఛార్జరుతో పూర్తిగా నింపించి, రాత్రి మైనస్ తీగెను విప్పి ప్రక్కకు పెట్టవలెను. తెల్లవారి మరల బిగించి తాళము త్రిప్పవలెను. కారు చురుకుగా లేచినచో బ్యాటరీ మంచిది. కారులోనే ఎక్కడనో చిల్లు కలదు. అప్పటికిని మూలిగినచో బ్యాటరీయే దోషి. అయితే తీగె విప్పుటకు ముందు తాళపుచెవి చేతిలో నుండవలెను; తలుపులు తాళము పడవచ్చును. గడియారము, రేడియో మరల సరిచేసికొనవలసి వచ్చును. చిల్లు ఉన్నదని తేలినచో, మెకానిక్కు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు మీటరు చూచును. ఏ ఫ్యూజు తీయగా అంకె పడిపోవునో ఆ దారిలోనే దొంగ యుండును.

చేయూత నిచ్చు విధము

రెండు బండ్లును 12 వోల్టులవి కావలెను. లారీలు, బస్సులు సామాన్యముగా 24 వోల్టులవి. వానినుండి కారునకు జంపు తీసికొనరాదు. బండ్లు ఒకదానికొకటి తాకరాదు, రెండింటిని ఆపవలెను. ఎఱ్ఱతీగె నొక కొన ఎండిన బ్యాటరీ ప్లస్‌కు, రెండవకొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లతీగె నొక కొన మంచి బ్యాటరీ మైనస్‌కు. రెండవకొన మాత్రము ఎండిన బ్యాటరీకి కాక, ఆ కారు ఇంజను ఇనుపభాగమునకు, బ్యాటరీకి దూరముగ బిగింపవలెను. చివర తగిలించుచోట నిప్పురవ్వ రాలును. బ్యాటరీ నుండి వెలువడు జలవాయువు దానికి అంటుకొని పేలగలదు. అందుచేతనే బీడి, కర్పూరము, అగరువత్తి దరికి రారాదు. మంచి బండి ఇంజనును కొంతసేపు ఆడించి, పిమ్మట రెండవదానిని లేపవలెను. తీసివేయునప్పుడు తగిలించిన క్రమమునకు తలక్రిందులుగా తీయవలెను. కారుతో వచ్చిన పుస్తకము వేరుగా చెప్పినచో దాని మాటయే ప్రమాణము. విద్యుత్తుతో నడుచు క్రొత్త కార్లలోను తలుపులకు దీపములకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ యుండును. వానితో ఇతర బండ్లకు జంపు ఇయ్యకమునుపు పుస్తకము చూడక తప్పదు.

లేచిన కారును పదినిమిషములు త్రిప్పి ఆపినచో కుండ నిండదు. బాగుగా ఎండిన బ్యాటరీ నిండుటకు గంటలు పట్టును. ఛార్జరు పెట్టించుట మేలు. ఎండిన బ్యాటరీని అట్లే వదలినచో సీసపు పలకలమీద గట్టి పొర కట్టి, అది మరల నిండని దగును.

మెకానిక్కుతో మాటలు

నిదానము తెలిసిన గృహిణి ఎట్లు మాటలాడునో చూడుడు.

"బ్యాటరీ పోయిందండి అమ్మగారూ, కొత్తది వేసేద్దాం."

"అలాగే బాబూ. ముందు మీటరు పెట్టి చూడు. ఇంజను ఆడుతుండగా ఎంత చూపిస్తోంది?"

"పన్నెండు చూపిస్తోందండి."

"అయితే డైనమో నింపడం లేదన్నమాట. కొత్త బ్యాటరీ వేస్తే అదీ నాలుగు రోజులకు ఎండిపోదూ? బెల్టు చూడు బాబూ."

"నిజమేనండోయ్! బెల్టు జారుతోంది."

ఇందులో కోపము లేదు, అవమానము లేదు. పనివానికి గౌరవము, ఇంటికి ఆదా. మెకానిక్కులందరు మోసగాండ్రని మా యభిప్రాయము కాదు. త్వరలో నున్నవానికి ఒక ప్రశ్న వేసినచో అతడును నిలిచి ఆలోచించును.

బ్యాటరీ మార్చవలసియే వచ్చినచో, దాని యాయువు సామాన్యముగా మూడునుండి ఐదేండ్లని యెరుగునది. చలికన్న మన యెండలే దానిని త్వరగా ముసలిదానిని చేయును. ఇంటినుండి బడికి, బడినుండి సంతకు అని కొలది దూరములే తిరుగు కారు బ్యాటరీ ఎన్నడును నిండదు. వారమునకొకసారి యైనను అరగంటకు తక్కువ కాకుండ నడుపవలెను. కొలతయు రకమును పాతదానితో సరిపోవునదే కొనవలెను. దారిలో ఆగినప్పుడెల్ల ఇంజను తనంతట ఆగి లేచు కార్లకు ప్రత్యేకమైన బ్యాటరీ యుండును. వానికి మామూలుది వేయరాదు.

పాత బ్యాటరీని పెరటిలో పారవేయకుడు. పిల్లలు ఆడుకొనుచోట నుంచకుడు. సీసము విషము. అది పసిపిల్లల బుద్ధివికాసమును చెరచును. ఆమ్లము నేలను, నూతినీటిని పాడుచేయును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము తయారీదారులే పాతవానిని తిరిగి చేకొనవలసియున్నది. క్రొత్తది కొన్న దుకాణమున పాతది ఇచ్చినచో ధరలో కొంత తగ్గింతురు కూడ. చిల్లర డబ్బులకు వీధిలోని పాతసామానువానికి వేసినచో, అతడు ఏ చెట్టుక్రిందనో పగులగొట్టి సీసము కరిగించును. ఆ పొగ మన బిడ్డలే పీల్చుదురు.

చివరగా మా మనవి. బ్యాటరీ కొన్న తేదీ, వారంటీ కాలము, జంపు తీసికొన్న దినములు, మీటరు చూపిన అంకెలు పాలపద్దు వ్రాయు పుస్తకముననే ఒక పుటలో వ్రాసియుంచుడు. వారంటీ కాగితము రేషను కార్డు ప్రక్కన దాచుడు. మూడవమారు జంపు తీసికొన్నట్లు ఆ పుటలో కనబడిన నాడు, ప్రక్కింటివారి తీగెలకొరకు కబురంపక, ఆ సాయంకాలమే బానెట్టు ఎత్తి టెర్మినళ్లు చూడ మొదలిడుడు.